హాని లేని దానం
(భాగ్యరెడ్డివర్మ స్మృతిలో సంగారెడ్డిలో చేసిన ఉపన్యాస పాఠం)



దళిత ఉద్యమకారుడు భాగ్యరెడ్డివర్మ 1888లో హైదరాబాదులో పుట్టి 1939లో కన్నుమూశారు. యాభై ఏళ్ల బతుకు. పద్దెనిమిదేళ్ల వయసులో, 1906లో, జగన్మిత్ర మండలి అనే సంస్థ పెట్టారు. 1917లో బెజవాడలో జరిగిన దళితుల సభకు అధ్యక్షత వహించి, పంచములన్న పేరు మాకొద్దు, ఈ నేలకు మొదటివాళ్లం మేమే అని చెప్పించారు. జోగిని ఆచారం మీద, తాగుడు మీద, జంతుబలుల మీద ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. బుద్ధుడి వైపు మొగ్గి, ఆ పేరు తలిచేవాళ్లే తక్కువగా ఉన్న రోజుల్లో హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించారు. వీటన్నిటికన్నా నాకు పెద్దగా కనిపించేవి ఆయన బడులు. దళిత పిల్లల కోసం ఆయన మొదలుపెట్టిన బడులు 26 దాకా పెరిగాయి. వాటిలో చదివిన పిల్లలు రెండున్నర వేల మంది.

బడి నడపడం ఎంత కష్టమో నడిపినవాళ్లకు తెలుసు. పంతులుకు నెలనెలా జీతం ఇవ్వాలి. ఇంటి అద్దె కట్టాలి. వానాకాలం కారే కప్పును బాగుచేయించాలి. సభలో గొంతు గద్గదమైనంత మాత్రాన ఇవి జరగవు. బీదపిల్లల మీద జాలిపడ్డవాళ్లు ఆ రోజుల్లో చాలామందే ఉండి ఉంటారు. ఆ జాలికి ఒక ఇల్లు, ఒక పంతులు, ఒక హాజరుపట్టీ సమకూర్చిన మనిషిని మాత్రం మనం ఇవాళ తలుచుకుంటున్నాం.

నాకిచ్చిన విషయం ‘బౌద్ధ కరుణతో తోటివారికి సాయపడే మార్గాలు’. దీన్ని ధ్యానం గురించో, మోక్షం గురించో మాట్లాడటానికి వాడుకోను. రామచంద్రాపురం నుంచి సదాశివపేట దాకా, బొల్లారం నుంచి పాశమైలారం దాకా పొగగొట్టాల కింద బతుకుతున్న మనం ఎవరికి ఏం ఇవ్వగలం, ఎలా ఇవ్వాలి, ఇచ్చే ముందు ఏం మానుకోవాలి అన్నదే నా ప్రసంగం. నా వాదన ముందే చెప్పేస్తాను. బౌద్ధంలో దానానికి మొదటి మెట్టు హాని మానడం. రెండో మెట్టు, మనసులో పుట్టిన కరుణను రేపూ ఎల్లుండీ కూడా నడిచే ఏర్పాటుగా మార్చడం. ఈ రెండూ లేని దానం ఫొటోకు పనికొస్తుంది గాని మనిషికి పనికిరాదు.

కొండాపూర్ దిబ్బ దగ్గర

బౌద్ధం మన జిల్లాకు బయటి నుంచి తెచ్చి పెట్టింది కాదు. పక్కనే ఉన్న కొండాపూర్‌లో 1940-41 ప్రాంతంలో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో నిజాం పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. చైత్యాల, విహారాల ఇటుక పునాదులు, శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. రోము చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. అక్కడి మ్యూజియంలో ఆ మట్టిబొమ్మల ముందు కాసేపు నిలబడండి. తల వెంట్రుకల ముడి, చెవికమ్మ, బుగ్గల మెరుగు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. బొటనవేలంత ముఖంలో అంత పనితనం చూపిన కుమ్మరి పేరు మనకు తెలియదు. కొండాపూర్ నాణేలు పోసిన ఊరు, పూసలు చేసిన ఊరు, బట్టీలు రగిలిన ఊరు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే అదొక పారిశ్రామికవాడ. ఆ వాడ నడుమనే విహారం వెలిసింది. భిక్షువు అడవిలో ఉంటాడు, కార్మికుడు బట్టీ దగ్గర ఉంటాడు, ఇద్దరికీ పొత్తు లేదు అనుకునేవాళ్లు ఒకసారి ఆ దిబ్బ ఎక్కి చూడాలి.

ఆ విహారాలను పోషించింది ఎవరు? రాజులేనని మనకు అలవాటైన జవాబు. శాసనాలు వేరే మాట చెబుతాయి. అమరావతి స్తూపం మీద విధికుడనే చర్మకారుడి శాసనం ఉంది. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానం చేశానని రాయించుకున్నాడు. తోలుపని చేసే మనిషి, ఇంటిల్లిపాదితో సహా, తన వృత్తి పేరు దాచుకోకుండా, మహాచైత్యం మీద నిలబడ్డాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన చిహ్నానికి ఎంచుకున్న పూర్ణఘటం ఆ అమరావతి శిల్పంలోనిదే. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి, వేరువేరు చోట్ల తాను చేయించిన చెరువు, మండపాలు వరసగా ఏకరువు పెట్టింది. ఆమె రాణి కాదు, ఒక గృహస్థురాలు.

ఇంకొక శాసనం ఉంది. మన తెలుగు నేలది కాదు, నాసిక్ గుహలది. గౌతమీపుత్ర శాతకర్ణి చేతిలో ఓడిన నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు వేయించినది. దాదాపు 1,900 ఏళ్ల కిందట అతను గోవర్ధనంలోని నేతగాళ్ల సంఘాల దగ్గర 3,000 కార్షాపణ నాణేలు డిపాజిట్ చేశాడు. అందులో 2,000 మీద వడ్డీ నెలకు నూటికి ఒకటి. మిగతా 1,000 మీద నూటికి ముప్పావు. అసలు ముట్టుకోకూడదు, వడ్డీ మాత్రమే వాడాలి. దీన్నే అక్షయనీవి అన్నారు. రెండు వేల మీద ఏడాదికి వచ్చే 240 కార్షాపణాలతో గుహలో వర్షాకాలం గడిపే 20 మంది భిక్షువులకు తలా 12 చొప్పున చీవరాల ఖర్చు. లెక్క సరిపోయింది చూశారా? ఈ ఏర్పాటును పట్టణ సభలో చదివి వినిపించి, దస్తావేజుల్లో నమోదు చేయించాడు. చివరికి రాయి మీద చెక్కించాడు.

ఈ ఏర్పాటులో నాకు నచ్చినవి మూడు. డబ్బు కార్మిక సంఘం చేతిలో ఉంది. లెక్క అందరి ముందూ ఉంది. దాత చచ్చిపోయినా దానం ఆగదు. ఇవాళ మనం ఎండోమెంట్ అని పిలుచుకునేది, ఇలాంటి స్మారక ఉపన్యాసాలను నడిపించేది ఈ పద్ధతే. అదే పద్ధతిలో ఒక కార్మికవాడలోని జబ్బు మనుషులకు మందుల ఏర్పాటు ఎందుకు నడవకూడదు?

దానానికి కొలతలు

బౌద్ధ గ్రంథం అంగుత్తర నికాయంలో మంచి మనిషి ఇచ్చే దానానికి ఐదు గుర్తులు చెప్పారు. శ్రద్ధతో ఇస్తాడు. గౌరవంగా ఇస్తాడు. సమయానికి ఇస్తాడు. గుంజుకోని మనసుతో ఇస్తాడు. తనకు గాని ఇతరులకు గాని దెబ్బ తగలకుండా ఇస్తాడు.

మొదటి నాలుగూ మనకు తెలిసినవే, మన అమ్మమ్మలు కూడా చెప్పినవే. ‘పెట్టినమ్మ పుణ్యం పెట్టిన తీరులో ఉంటుంది’ అనే ఇళ్లలో పెరిగినవాళ్లం. ఐదోది దగ్గర ఆగాలి. ఒకరి కడుపు కొట్టి మరొకరి కడుపు నింపితే అది దానాల లెక్కలోకి రాదని ఆ సూత్రం తేల్చేసింది. అదే నికాయంలో ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదు చెప్పారు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. అంటే దానం ఎంత అని అడిగే ముందు డబ్బు ఎలా వచ్చిందని బౌద్ధం అడుగుతుంది. గుడి హుండీ అడగదు, చందా రసీదు అడగదు. బుద్ధుడు అడిగాడు.

నాగార్జునుడు ఒక రాజుకు రాసిన రత్నావళిలో ఈ విషయం పరిపాలన దాకా వెళ్లింది. ఆ రాజు శాతవాహనుడని సంప్రదాయం చెబుతుంది. దారుల్లో సత్రాలు, నీళ్లు ఏర్పాటు చేయమంటాడు. బాటసారికి చెప్పులు, గొడుగు, చివరికి సూదీ దారం కూడా అందుబాటులో ఉంచమంటాడు. రోగులను, దిక్కులేనివాళ్లను చూసుకోమంటాడు. ఖైదీలను విడిచిపెట్టేదాకా వాళ్లకు మంగలిని, స్నానాన్ని, తిండిని, మందును, బట్టను సమకూర్చమంటాడు. కరుణ గురించి ఇంత నిర్దిష్టంగా మాట్లాడిన తత్వవేత్తలు అరుదు. సూదీ దారం దాకా ఆలోచించినవాడికి బాటసారి చొక్కా చిరుగు కనిపించిందన్నమాట. సాయం చేయాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఆ చిరుగునే.

యజమాని మొదటి దానం

దీఘ నికాయంలోని సిగాలోవాద సూత్రంలో బుద్ధుడు గృహస్థుకు ఆరు దిక్కుల పూజ నేర్పాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాపిల్లలు, ఉత్తరం స్నేహితులు, పైదిక్కు శ్రమణ బ్రాహ్మణులు. కింది దిక్కు పనివాళ్లు. పనివాళ్లకు యజమాని చేయాల్సినవి ఐదు. శక్తికి తగ్గ పని చెప్పాలి. తిండీ కూలీ ఇవ్వాలి. జబ్బు చేస్తే చూసుకోవాలి. ఇంట్లో మంచి వంటకం ఉంటే పంచాలి. వేళకు సెలవు ఇవ్వాలి. పనివాళ్లు కూడా బదులుగా యజమాని కన్నా ముందు లేవాలి, ఇచ్చిందే తీసుకోవాలి, పని బాగా చేయాలి, మంచిపేరు తేవాలి.

ఈ ఐదింటినీ తీసుకెళ్లి మన పారిశ్రామికవాడ గేటు ముందు నిలబెట్టండి. శక్తికి తగ్గ పని అంటే పన్నెండు గంటల డ్యూటీ మీద మళ్లీ ఓటీ వేయకపోవడం. కూలీ అంటే కాంట్రాక్టరు కోత పోగా మిగిలింది కాదు, చట్టం చెప్పింది. జబ్బు చేస్తే చూసుకోవడమంటే ఈఎస్ఐ కార్డు చేతికివ్వడం, డ్యూటీలో చెయ్యి తెగితే రికార్డులో రాయడం. మంచి వంటకం అంటే లాభం వచ్చిన ఏడాది బోనస్. సెలవు అంటే ఒడిశా నుంచి వచ్చిన పిల్లవాడి తల్లికి బాగాలేదంటే రైలెక్కనివ్వడం.

ఇదంతా పుణ్యం పేరుతో చెప్పినందువల్ల యజమాని దయకు వదిలేసినట్టు కాకూడదు. దాన్ని దయ నుంచి తప్పించి చట్టంగా మార్చే పని అంబేద్కర్ చేశారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినప్పుడు ఎనిమిది గంటల పని కోసం పట్టుబట్టారు. 1946లో ఫ్యాక్టరీల చట్ట సవరణతో వారానికి 48 గంటల పరిమితి వచ్చింది. పదేళ్ల తర్వాత 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. ఆయన మరణం తర్వాత 1957లో వెలువడిన ‘బుద్ధుడు-ఆయన ధమ్మం’లో దుఃఖానికి కారణాలు వెతకాల్సింది మనిషి లోపలే కాదు, మనిషి మనిషికి చేసే అన్యాయంలో కూడా అన్నారు. మొదట కార్మిక చట్టం చేసి తర్వాత ధమ్మదీక్ష తీసుకున్న మనిషి జీవితంలో ఆ రెండూ ఒకే దారి.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో ఏం జరిగిందో ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మందుల్లో కలిపే పొడి తయారుచేసే కర్మాగారంలో పేలుడు. 40 మందికి పైగా చనిపోయారు. ఎవరి దేహం ఎవరిదో తెలియక డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు, మనవాళ్లు, అందరూ ఉన్నారు. ఆ తర్వాత అన్నం పొట్లాలు పంచినవాళ్లు, రక్తం ఇచ్చినవాళ్లు, గుర్తుపట్టడానికి వచ్చిన కుటుంబాలకు చోటిచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లందరికీ దండం. అయితే ఒక్క మాట. ప్రమాదం తర్వాత పంచే అన్నం కరుణ అయితే, ప్రమాదానికి ముందు చేసే భద్రతా తనిఖీ అంతకన్నా పెద్ద కరుణ. బౌద్ధంలో అభయదానం అని ఒకటుంది. ఇంటి నుంచి పనికి బయలుదేరిన మనిషి సాయంత్రం ఇంటికి చేరతాడన్న ధైర్యం ఇవ్వడం కన్నా ఈ ప్రాంతంలో అభయదానం ఇంకేముంటుంది?

వాగు చెప్పే సంగతి

1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమలు వచ్చాయి. ఉద్యోగాలు వచ్చాయి, కాదనలేం. ఆ పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీర వైపు వెళ్లాయి. బావులు రంగు మారాయి. 1990లో ఈ గొడవ సుప్రీంకోర్టుకు ఎక్కింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే డాక్టర్ కిషన్‌రావు గారు దశాబ్దాల పాటు ఊళ్ల పక్షాన నిలబడ్డారు. రోగికి మందు చీటీ రాసి పంపించేస్తే ఆయన పని అయిపోయేది. రోగం ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ వాగు దాకా, కోర్టు దాకా నడిచారు. దుఃఖానికి కారణం వెతకమన్న రెండో ఆర్యసత్యం ఆయన చదివారో లేదో నాకు తెలియదు. చేసింది మాత్రం అదే.

2007లో స్వీడన్‌కు చెందిన పరిశోధకుడు లార్సన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు ప్లాంటు నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించారు. శుద్ధి అయిన తర్వాతి నీరు అది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఒక రోజులో ఆ నీటితో పోతున్న మందు 45 కిలోలని, అది 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం ఐదు రోజుల్లో వాడే మొత్తమని లెక్కగట్టారు. జబ్బు తగ్గించడానికి చేసిన మందే, జబ్బుపురుగులను మందుకు లొంగకుండా తయారుచేసే పరిస్థితి అది. ప్రపంచంలో యాంటీబయాటిక్ కాలుష్యం మీద ఎక్కడ చర్చ జరిగినా పటాన్‌చెరు పేరు వినబడటానికి కారణం ఈ అధ్యయనమే.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. ఈ డబ్బుతో బడులకు బెంచీలు వచ్చాయి, ఊళ్లకు మంచినీళ్ల ప్లాంట్లు వచ్చాయి. మంచిదే, రావాలి. కానీ మంచి దానానికి చెప్పిన ఐదో గుర్తుతో కొలవండి. బావి చెడగొట్టి, ఆ ఊళ్లోనే ఇరవై లీటర్ల క్యాను నింపే ప్లాంటుకు రిబ్బను కత్తిరిస్తే దాన్ని బాకీ తీర్చడం అనాలి. బాకీ తీర్చడం కూడా మంచి పనే. దానికి దానమని పేరు పెట్టుకుని శిలాఫలకం వేయించుకోవడం మాత్రం బుద్ధుడి ముందు చెల్లదు. రెండు శాతం ఎక్కడ ఖర్చయిందో రిపోర్టులో రాస్తారు. మిగతా తొంభై ఎనిమిది శాతం ఎలా సంపాదించారో మనం అడగాలి.

గదిలో జబ్బు పడ్డ మనిషి

వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఎవరూ చూడటం లేదు. ఎందుకు చూడటం లేదని అడిగితే, ఇతను మాకెవరికీ ఏమీ చేసిపెట్టలేదని తోటివాళ్ల జవాబు. బుద్ధుడు ఆనందుడిని నీళ్లు తెమ్మన్నాడు. బుద్ధుడు నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. ఇద్దరూ తలవైపు, కాళ్లవైపు పట్టి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి, మీకు ఇక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని మందలించాడు. అక్కడితో ఊరుకోలేదు. రోగికి సేవచేసే మనిషికి ఉండాల్సిన గుణాలు ఐదు చెప్పాడు. మందు తయారుచేయడం రావాలి. రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి. లాభం కోసం కాక ప్రేమతో చేయాలి. మలం, మూత్రం, వాంతి ఎత్తిపోయడానికి అసహ్యించుకోకూడదు. రోగికి ధైర్యం కలిగేలా మాట్లాడగలగాలి. ఒక్కరోజు సేవచేసి వదిలేయకుండా నియమంగా మార్చాడన్నమాట.

ఇప్పుడు ఇస్నాపూర్‌లోనో, ముత్తంగిలోనో ఒక కార్మికుల గది తలుపు తీయండి. రేకుల కప్పు, ఒక కిటికీ, దండెం మీద నాలుగు రంగుల యూనిఫాంలు. గోడ వెంట చుట్టిపెట్టిన పరుపులు. పగటి షిఫ్టు వాళ్లు లేస్తే రాత్రి షిఫ్టు వాళ్లు అవే పరుపుల మీద వాలతారు. మూలన గ్యాసు పొయ్యి, ఒక ప్రెషర్ కుక్కరు, గోడకు దిగ్గొట్టిన మేకుకు ఫోన్ చార్జర్లు. వాళ్లలో ఒకడికి టైఫాయిడ్ వచ్చింది. వాడు పడుకుంటే రాత్రి షిఫ్టు వాడికి పరుపు లేదు. వాడిని చూసుకోవడానికి ఒకడు ఆగిపోతే ఆ డ్యూటీ కూలీ పోయింది. హాస్పిటల్‌కు పోతే అక్కడ చీటీ రాసేవాళ్ల మాట వీడికి అర్థం కాదు, వీడి మాట వాళ్లకు అర్థం కాదు. అయినా గదిలోవాళ్లు వాడిని వదిలిపెట్టరు. తలా ఇంత వేసుకుంటారు. ఎవరైనా చనిపోతే శవాన్ని ఊరికి పంపే అంబులెన్సు కిరాయికి లేబర్ అడ్డాలో చందా మొదలవుతుంది. నోటు పుస్తకంలో పేరు, ఎదురుగా అంకె: యాభై, వంద, ఇరవై. విధికుడి శాసనానికి, ఆ నోటు పుస్తకానికి తేడా రాయికీ కాగితానికీ ఉన్నంతే.

మనకు తల్లీ తండ్రీ ఇక్కడ లేరు అన్న మాట ఈ గదులకు అక్షరాలా వర్తిస్తుంది. బౌద్ధ కరుణ గురించి మాట్లాడే మనం మొదట వెళ్లాల్సింది అక్కడికి.

ఏం చేయగలం

కొండాపూర్‌లోనే ధమ్మకొండఞ్ఞ అనే విపశ్యన కేంద్రం ఉంది. అక్కడ నేర్పేది గోయెంకా గారు 1969లో బర్మా నుంచి వచ్చి నేర్పిన ధ్యానపద్ధతి. పది రోజుల శిబిరానికి ఫీజు లేదు. తిండికి, బసకు డబ్బు తీసుకోరు. శిబిరం పూర్తిచేసినవాళ్ల దగ్గరే విరాళం తీసుకుంటారు. వంట, వడ్డన, ఊడ్చే పని పాత విద్యార్థులు జీతం లేకుండా చేస్తారు. ముందు కూర్చున్నవాడికి ఎవరో పెట్టారు, ఇప్పుడు వీడు తర్వాతివాడికి పెడుతున్నాడు. ఈ పద్ధతిని ధ్యానానికే ఎందుకు పరిమితం చేయాలి?

ఇలా మనం చేయగలిగినవి ఐదు చెబుతాను. మొదటిది, జబ్బు నిధి. 1966లో తైవాన్‌లో ధర్మాచార్యురాలు చెంగ్ యెన్ 30 మంది గృహిణులతో త్సూ చీ సంస్థ మొదలుపెట్టినప్పుడు, కూరగాయలకు వెళ్లేముందు రోజుకు యాభై సెంట్లు వెదురు గొట్టంలో వేయమన్నారు. నెలకొకసారి ఇస్తాం అంటే, వద్దు, రోజూ వేయండి అన్నారట. రోజూ ఇస్తే మనసుకు అలవాటవుతుందని. ఇవాళ ఆ సంస్థ ఎన్నో దేశాల్లో విపత్తు సాయం చేస్తోంది. మన వాడల్లో ఇరవై గదులు కలిసి రోజుకు రెండు రూపాయల లెక్కన వేసుకుంటే చాలు, అక్షయనీవి మొదలైనట్టే. అసలు బ్యాంకులో, లెక్క గోడమీద. నిధి బాధ్యత ఏడాదికొకసారి చేతులు మారాలి.

రెండోది, శ్రమదానం. శ్రీలంకలో అరియరత్నే అనే బడిపంతులు 1958లో తన విద్యార్థులను వెనకబడ్డ ఊరికి తీసుకెళ్లి మొదలుపెట్టిన సర్వోదయ శ్రమదాన ఉద్యమం వేల ఊళ్లకు పాకింది. అక్కడ డబ్బు లేనివాడు కూడా దాతే. మన దగ్గర చేతిపని వచ్చినవాళ్లకు కొదవా? వెల్డర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు నెలకొక ఆదివారం ప్రభుత్వ హాస్టల్లో కాలిన మోటారు, ఊడిన స్విచ్చుబోర్డు, విరిగిన కిటికీ బాగుచేస్తే చాలు. క్యూసీ ల్యాబుల్లో పనిచేసే పిల్లలారా, మీకు నీటిని పరీక్షించడం వచ్చు. మీ ఊరి బోరుబావి నీళ్లలో ఏముందో ఊరివాళ్లకు అర్థమయ్యే తెలుగులో చెప్పడం కన్నా గొప్ప ధర్మదానం మీ వయసులో ఇంకొకటి లేదు.

మూడోది, మాటసాయం. హిందీ, ఒడియా, బెంగాలీ వచ్చినవాళ్లు వారానికి ఒక పూట హాస్పిటల్ ఓపీ దగ్గర నిలబడండి. ఈఎస్ఐ ఫారం నింపడం, పీఎఫ్‌లో నామినీ పేరు రాయించడం, ప్రమాదం జరిగితే పరిహారం దరఖాస్తు పెట్టించడం కూడా సేవే. నామినీ పేరు లేక ఆగిపోయిన డబ్బు కోసం తిరిగే భార్యకు ఈ సాయం విలువ తెలుసు.

నాలుగోది, దేహదానం. కపోతం కోసం తన మాంసం కోసి ఇచ్చిన శిబి కథ నాగార్జునకొండ శిల్పంలో ఉంది. శ్రీలంకలో డాక్టర్ హడ్సన్ సిల్వా 1961లో నేత్రదాన సంఘం పెట్టారు. బోధిసత్వుడి దానాలను చిన్నప్పటి నుంచి విన్న జనం మరణానంతరం కళ్లిస్తామని ముందుకొచ్చారు. అక్కడి కార్నియాలు ఎన్నో దేశాలకు వెళ్లాయి. మన దగ్గర 2013 నుంచి జీవన్‌దాన్ పథకం ద్వారా అవయవదానం నమోదు చేసుకోవచ్చు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టడం మాత్రం మరిచిపోకండి. సంతకం మీది, నిర్ణయం చివరికి వాళ్లది.

ఐదోది కష్టమైనది: నోరు విప్పడం. వాల్వు లీకవుతోందని, రాత్రిపూట ట్యాంకరు వాగులో ఖాళీ అవుతోందని తెలిసినప్పుడు చెప్పడం. ఒంటరిగా చెబితే ఉద్యోగం పోతుంది. అందుకే సంఘం కావాలి. బుద్ధుణ్ణి, ధమ్మాన్ని శరణు కోరిన నోటితోనే సంఘాన్ని కూడా శరణు కోరడంలో ఉన్న లోకజ్ఞానం ఇది. మాట్లాడినవాడికి అండగా నిలబడటం కూడా అభయదానమే.

ధ్యానం చేసేవాళ్లు, పోరాటం చేసేవాళ్లు ఒకరినొకరు చిన్నచూపు చూడటం మన బౌద్ధుల్లో కూడా ఉంది. కళ్లు మూసుకుంటే లోకం మారుతుందా అని వీళ్లు, కోపంతో లోకం బాగుపడుతుందా అని వాళ్లు. రోగిని కడిగిన బుద్ధుడికి నీళ్ల బిందె కావాల్సి వచ్చింది, చెదరని మనసూ కావాల్సి వచ్చింది. రెండు గుంపులూ కలిసి ఒక్క కార్మికవాడలో ఒక్క ఏడాది పనిచేసి చూడండి.

యాజమాన్యాల తరఫున వచ్చిన మిత్రులకు నా విన్నపం: ఈ ఏడాది మీ మొదటి విరాళంగా భద్రతా తనిఖీ నివేదికను కార్మికులు చదవగలిగే భాషల్లో గేటు దగ్గర అంటించండి. కార్మిక మిత్రులకు: ఈ వారంలోనే మీ ఈఎస్ఐ, పీఎఫ్ కాగితాలు ఒకసారి చూసుకోండి, మీ గదిలో వాళ్లవీ చూడండి. ఉపన్యాస నిర్వాహకులకు: వచ్చే ఏడాది వక్తకు శాలువా, దండ వద్దు. ఆ ఖర్చుతో ఒక వాడలో జబ్బు నిధి ఖాతా తెరిపించి, దాని జమాఖర్చులను ఇదే వేదిక మీద చదివి వినిపించండి. 26 బడులు నడిపిన మనిషికి అదే తగిన నివాళి.

నమో బుద్ధాయ. జై భీమ్.